ఇంటిలో పాట, గదిలో మ్రోత

పాట వినుటకు పాడెడు గొంతొకటి, వినెడు చెవి యొకటి చాలునని మనము సాధారణముగా తలంతుము. ఈ రెంటికిని నడుమ మూడవది యొకటి కలదు. అది గది. గొంతునుండి వెలువడిన ధ్వనిలో కొంత మాత్రమే సూటిగా చెవిని చేరును. తక్కినది గోడలను, పైకప్పును, నేలను తాకి, పలుమారులు తిరిగి తిరిగి, ఆలస్యముగా వచ్చి చేరును. మంచి గ్రామఫోను యంత్రమునుగాని, స్టీరియోనుగాని అంగడిలో విని మెచ్చుకొని, వేలకొలది రూపాయలు వెచ్చించి ఇంటికి తెచ్చుకొన్నవారు, "అక్కడ వినిపించిన పాట ఇక్కడ ఏమైనది?" అని చింతించుట మనము చూచుచునే యున్నాము. యంత్రము మారలేదు, రికార్డు మారలేదు, మారినది గది యొక్కటియే.

ఈ గది దోషమును గుర్తించి ధ్వనిని దిద్దుట నేటి విద్య యని పలువురు భావింతురు. ఇంగ్లీషున దీనికి ఈక్వలైజేషను అని పేరు. స్వరములను సమము చేయుట యని మనము చెప్పుకొనవచ్చును. దీని చరిత్ర మిక్కిలి పాతది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములవారికి ఈ చరిత్ర పరాయిది కాదు. నాటకపు పందిరినుండి నేటి కంప్యూటరు వరకు అది నడచివచ్చిన త్రోవను చెప్పి, ఈనాటి గృహస్థునకు దానివలన కలుగు ప్రయోజన మెంతయో విన్నవింతును.

మొదట పందిరి మాట. 1913వ సంవత్సరము మే నెలలో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. బయ్యా నరసింహేశ్వరశర్మగారు అధ్యక్షత వహించిరి. నానా జిల్లాలనుండి జనము వచ్చి చేరిరి. అప్పటికి విద్యుత్తుతో నడచు ధ్వనివర్ధకయంత్రము బహిరంగసభలకు రాలేదు. అమెరికాలోని సాన్‌ఫ్రాన్సిస్కోలో అట్టి యంత్రమును బహిరంగముగా ప్రదర్శించినది 1915వ సంవత్సరము డిసెంబరునందు. కావున బాపట్ల సభలో ఉపన్యసించినవారు తమ గొంతుతోనే చివరి వరుసను చేరవలసివచ్చినది. మాట తొందరపడక, అక్షరమక్షరము విడదీసి, వాక్యమునకును వాక్యమునకును నడుమ విరామ మిచ్చి పలుకుట ఆనాటి వక్తల కలవాటు. దానిని మనము గాంభీర్యమని మెచ్చుకొందుము. అందు ధ్వనిశాస్త్రము కూడ కలదు.

నటకుల సంగతియు నిట్టిదే. స్థానం నరసింహారావుగారు 1902లో బాపట్లలో జన్మించిరి. తెనాలి శ్రీరామవిలాస సభవారి నాటకములలో సత్యభామగను, చిత్రాంగిగను, రోషనారగను, మధురవాణిగను నటించి పేరుగాంచిరి. 1956లో పద్మశ్రీ బిరుదము నందిరి. స్త్రీ పాత్రకు తగిన సుకుమారమగు పలుకు పలుకుచునే నేలమీద కూర్చున్న కడపటి ప్రేక్షకునికి కూడ అది వినబడునట్లు చేయుట యెంత కష్టమో ఆలోచింపుడు. తెనాలికి చేరువనున్న సుద్దపల్లిలో జన్మించిన కల్యాణం రఘురామయ్యగారు పద్యమును ఈలగా పాడి ఈలపాట రఘురామయ్యగా ప్రసిద్ధులైరి. ఈల యంత దూరము పోవుటకు కారణము కలదు. మనుష్యుని చెవి అన్ని స్వరములను సమముగా గ్రహింపదు. సెకనునకు మూడువేలు మొదలు నాలుగువేల వరకు గల కంపములయెడ అది మిక్కిలి చురుకైనది. నూటికి లోపలి కంపములయెడ మందమైనది. అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లో ఈ సంగతిని కొలిచి, రేఖలుగా గీచి చూపిరి. ఆ రేఖలు పుట్టుటకు పూర్వమే మన పద్యనటకులు శ్రుతిని హెచ్చించి, రాగమును తారస్థాయిలో నిలిపి, చెవికి చురుకైన చోటునే వెదకి పాడిరి. వారికి యంత్రము లేదు. వారి గొంతే వారి ఈక్వలైజరు. వెనుకవరుసనుండి "వన్స్ మోర్" అను కేక వచ్చినచో కొలత సరిపోయినదని యర్థము.

శ్రోతకు తగిన గది యేదియో మన పూర్వులును విచారించిరి. భరతుని నాట్యశాస్త్రములో రెండవ అధ్యాయము నాట్యమండప నిర్మాణమును గూర్చినది. మానవులకు తగిన మండపము అరువదినాలుగు హస్తముల పొడవు, ముప్పదిరెండు హస్తముల వెడల్పు కలదై యుండవలెనని అందు చెప్పబడినది. అంతకు మించినచో పలుకు చెదరి అస్పష్టమగునని కారణము కూడ చెప్పబడినది. మండపము కొండగుహవలె నుండవలెననియు, కిటికీలు చిన్నవై గాలి చొరకుండ నుండినగాని స్వరమునకు గాంభీర్యము రాదనియు భరతుడు తలచెను. గది ధ్వనిలో పాలుపంచుకొనునని గ్రహించుటయే ఇందలి విశేషము.

ఐనను గదిని లెక్కతో పట్టుకొన్నవాడు వాలెస్ సాబిన్ అను అమెరికా ఆచార్యుడు. హార్వర్డు విశ్వవిద్యాలయములో ఫాగ్ కళాశాలయందు 1895లో కొత్తగా కట్టిన ఉపన్యాసమందిరములో ఎవ్వరు మాటాడినను ఒక్క ముక్కయు తెలిసెడిది కాదు. పలికిన ధ్వని అణగుటకు అయిదున్నర సెకనులు పట్టుచుండెను. ఒక మాట అణగకముందే పది మాటలు దానిపై వచ్చి పడుచుండెను. సాబిన్ రాత్రివేళ, ఊరు మాటుమణగిన పిమ్మట, పక్కనున్న నాటకశాలనుండి కుర్చీల మెత్తలను మోయించి తెచ్చి, వరుసగా పరచి, ఒక ఆర్గన్ గొట్టమును ఊది, గడియారము పట్టుకొని ధ్వని అణగు కాలమును కొలిచెను. మెత్తలు పెరిగినకొలది కాలము తగ్గెను. అన్నియు పరచిన పిమ్మట ఒక సెకనునకు కొంచెము మించినంత మాత్రమే మిగిలెను. దానినుండి అతడొక సూత్రమును కనిపెట్టెను. గది ఘనపరిమాణము హెచ్చినచో మ్రోత హెచ్చును. ధ్వనిని మ్రింగు వస్తువులు హెచ్చినచో మ్రోత తగ్గును. మీటర్ల లెక్కలో ఘనపరిమాణమును 0.161తో గుణించి, మ్రింగుడుచేత భాగించినచో మ్రోత ఎన్ని సెకనులుండునో వచ్చును. ఆ మ్రింగుడునకు అతడు తీసికొన్న ప్రమాణమేమో తెలియునా? తెరచిన కిటికీ. కిటికీలోనుండి బయటికి పోయిన ధ్వని తిరిగిరాదు గదా! 1900లో తెరువబడిన బోస్టన్ సింఫనీ హాలు ఈ సూత్రమును బట్టి కట్టబడినది. నేటికిని లోకములోని ఉత్తమ సంగీతశాలలలో నొకటిగా పేర్కొనబడుచున్నది.

ఇక విద్యుత్తు కథ. ఈక్వలైజరు అను పేరు పుట్టినది సంగీతమునుండి కాదు, టెలిఫోను తీగనుండి. పొడవైన తీగలో తారస్వరములు మంద్రస్వరములకంటె ఎక్కువగా క్షీణించును. క్షీణించినదానిని కడపట మరల హెచ్చించి, అన్ని స్వరములను ఈక్వల్, అనగా సమానము చేయు పరికరము గనుక దానికా పేరు వచ్చినది. గానసభను దూరపు రేడియో కేంద్రమునకు తీగద్వారా చేరవేయునపుడును ఇదే ఉపాయమును వాడిరి. ఇందు ఒక ధర్మము ఇమిడియున్నది. ఈక్వలైజరు క్రొత్త సొగసు కూర్చుటకు పుట్టినది కాదు. దారిలో పోయినదానిని మరల ఇచ్చుటకు పుట్టినది.

గ్రామఫోను రికార్డులోను ఇట్టి పోయిన సొమ్ము, తిరిగి ఇచ్చిన సొమ్ము కలవు. 1925నకు పూర్వము గాయకుడు ఒక పెద్ద బాకాలోనికి అరచి పాడుచుండెను. ఆ ధ్వనిబలమే సూదిని కదల్చి మైనముపై గీత గీచెడిది. సెకనునకు సుమారు 168 మొదలు 2000 వరకు గల కంపములే అందు పట్టెడివి. 1925లో మైక్రోఫోనుతో, విద్యుత్తుతో రికార్డు చేయు విధానము వచ్చెను. అప్పుడు 100 మొదలు 5000 వరకు పట్టినవి. ఐతే మంద్రస్వరములను ఉన్నవి ఉన్నట్లు గీచినచో గీత వెడల్పై పక్కగీతలోనికి పోవును. కావున రికార్డు చేయునపుడు మంద్రమును తగ్గించి, వినిపించునపుడు అంతే హెచ్చించుట యాచారమయ్యెను. తారస్వరములను గీచునపుడు హెచ్చించి, వినిపించునపుడు తగ్గించినచో సూది గీరెడు సుయ్యిమను చప్పుడును తగ్గును. ఎంత తగ్గించుట, ఎంత హెచ్చించుట అను విషయములో మాత్రము కంపెనీ కంపెనీకి వేరు లెక్క. ఒకే కంపెనీలో ఏటికేటికి వేరు లెక్క. అమెరికాలోని రికార్డు పరిశ్రమ సంఘమువారు 1954లో ఒక ప్రమాణరేఖను నిర్ణయించిన పిమ్మట లోకమంతయు క్రమముగా దానికి లోబడెను. ఈ సంగతిని మీరు జ్ఞాపకముంచుకొనవలెను. దానిపై చెప్పవలసినది కడపట కలదు.

సినిమా మాటాడుట నేర్చినది. మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాద 1932లో వెలువడెను. డేరాలో ఆడించిన టాకీకి గుడ్డగోడలు మ్రోతను నిలువనీయవు. ఇటుకగోడల హాలు నిలుపును. ఒకే చిత్రము ఒక్కొక్క హాలులో ఒక్కొక్క తీరున పలుకుచుండగా, హాలివుడ్‌లోని అకాడమీవారు 1938లో హాళ్ళకన్నిటికి ఒక ఉమ్మడి ప్రమాణమును ఏర్పరచిరి. అదే 1938వ సంవత్సరము జూన్ నెలలో మదరాసు రేడియో కేంద్రము మొదలయ్యెను; 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము మొదలయ్యెను. తెనాలి, బాపట్ల, రేపల్లెలు ఆ కేంద్రమునకు ఇరుగుపొరుగులే. పంచాయతీ రేడియో బాకాక్రింద చేరి పాట విన్నవారికి గది బాధ లేదు. వారి గది ఆకాశమే. మీడియం వేవులో తారస్వరములు నాలుగైదువేల కంపములకే పరిమితములు. ఐనను వీథిలో విన్న ఆ పాటలో మాట స్పష్టముగ నుండెడిది. ఈ రేపల్లె తాలూకాలోని పల్లపట్లలో 1938లో జన్మించిన ఎస్. జానకిగారు మైకుముందు పాడి లోకప్రసిద్ధినందిరి. పందిరి చివరకు చేరవలసిన అక్కర తీరిన పిమ్మట గొంతునకు గుసగుసలాడు స్వాతంత్ర్యము వచ్చినది. ఆ గుసగుస వినబడవలెనన్న గది నెమ్మదిగా నుండవలెను. ఆ భారము గాయకునిమీదినుండి శ్రోతమీదికి దిగినది.

మైకు మరియొక సంగతిని బయటపెట్టినది. సభలలో మైకు ఒక్కసారిగా కూయుట అందరును విన్నదే. బాకానుండి వచ్చిన ధ్వని గదిలో తిరిగి మైకులో చొరబడి, మరల బాకానుండి వెలువడి, చుట్టు తిరుగుచు పెరుగుటయే ఆ కూత. అమెరికాలో టెక్సాసునందలి బోనర్ అను ఆచార్యుడు 1960 ప్రాంతములలో ఈ కూత గది మిక్కిలిగా పలుకు స్వరముననే పుట్టునని గుర్తించి, ఆ స్వరములను మాత్రమే సన్నగా కోసివేయు సాధనములను అమర్చెను. 1967లో ఆల్టెక్ కంపెనీవారు స్థాయిలో మూడవవంతు చొప్పున స్వరములను విభజించి విడివిడిగా దిద్దు పరికరమును విక్రయమునకు తెచ్చిరి. గదిని కొలిచి, దానికి ఎదురుగా యంత్రమును దిద్దుట అను పద్ధతి యిట్లు స్థిరపడెను.

ఇండ్లలోనికి ఈ విద్య మెల్లగా దిగినది. ఇంగ్లండులో బాక్సండాల్ అను ఇంజనీరు 1952లో ప్రకటించిన చిన్న అమరికవలన బేస్, ట్రెబుల్ అను రెండు మరలు లోకమందలి రేడియోలకన్నిటికి వచ్చినవి. 1972లో మాసెన్‌బర్గ్ అను అమెరికా ఇంజనీరు ఏ స్వరమును, ఎంత వెడల్పున, ఎంత లోతున దిద్దవలెనో మూడింటిని విడివిడిగా నిర్ణయింపగల ఈక్వలైజరును వివరించెను. పిమ్మట టేప్‌రికార్డరులమీద అయిదారు జారుడుమీటలు వచ్చినవి. రెండు కొనలను పైకి నెట్టి నడుమనుంచినదానిని క్రిందికి లాగుట మన యిండ్లలో ఆచారమైనది. నడుమనే మాట యున్నదని, పద్యములోని హల్లులు ప్రాణము పోసికొనునది అచ్చటనేయని ఎవరును ఆలోచింపరైరి. నేడు కంప్యూటరు వచ్చినది. సన్నని మంద్రమునుండి అత్యున్నత తారము వరకు ఒక ఊళవంటి ధ్వనిని స్పీకరు పలుకును. శ్రోత కూర్చుండు చోట్ల చిన్న మైకును నిలిపి దానిని పట్టుదురు. కంప్యూటరు గది చేసిన మార్పును లెక్కించి, దానికి ఎదురు రేఖను తానే గీయును. స్వీడనులోని ఉప్సలాలో 2001లో స్థాపితమైన డిరాక్ సంస్థవంటివారు ఈ పనిని వ్యాపారముగా చేయుచున్నారు. ఉచితముగా దొరకు కొలత సాధనములును కలవు.

ఇంత సాధనసంపత్తి యుండగా ఇంక చిక్కేమని అడుగవచ్చును. చిక్కు మన ఇండ్లలోనున్నది. ఈ డెల్టాసీమలో వెనుకటి ఇండ్లు తాటియాకు ఇండ్లు, మట్టిగోడలు, పెంకుటిండ్లు. తాటియాకు ధ్వనిని మ్రింగును. పెంకుల సందులు బయటికి పంపును. అట్టి యింటిలో పాడిన లాలిపాట పాడినట్లే వినబడెడిది. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన ఉప్పెన రేపల్లె, బాపట్ల ప్రాంతములనుగూడ దెబ్బతీసెను. ఆకుకప్పు ప్రాణము కాపాడజాలదని ఆ రాత్రి చాటెను. కాంక్రీటు ఇండ్లు అవసరమయ్యెను. అది కావలసినదే, దానిని కాదనువాడు లేడు. ఐతే కాంక్రీటు ధ్వనిని మ్రింగదు. నున్నని సిమెంటుగోడ, రాతిపలకల నేల, గాజుకిటికీ, పైన పలక, ఇవన్నియు ధ్వనికి అద్దములు.

ఒక లెక్క చెప్పెదను. పన్నెండడుగుల పొడవు, పదియడుగుల వెడల్పు, పదియడుగుల ఎత్తు గల గదిని తీసికొనుడు. దాని ఘనపరిమాణము 34 ఘనమీటర్లు. గోడలు, నేల, కప్పు కలిసి 63 చదరపు మీటర్లు. నున్నని సిమెంటు తనమీద పడిన ధ్వనిలో నూటికి మూడువంతులు మాత్రమే మ్రింగునని పట్టినచో మొత్తము మ్రింగుడు రెండు చదరపు మీటర్లకు లోపే. సాబిన్ సూత్రము ప్రకారము ఖాళీగదిలో మ్రోత ఇంచుమించు మూడు సెకనులు. అదే గదికి నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు గల కిటికీలు రెండు తెరచినచో మ్రింగుడు నాలుగు చదరపు మీటర్లు దాటి, మ్రోత ఒకటింపావు సెకను ప్రాంతమునకు దిగును. పరుపు, బొంత, దండెముమీది బట్టలు, నలుగురు మనుష్యులు చేరి మ్రింగుడు పది చదరపు మీటర్లైనచో మ్రోత అర సెకను. దీనికి యంత్ర మేదియు అక్కరలేదు.

మంద్రస్వరముల సంగతి వేరు. ఎదురెదురు గోడలనడుమ ఒక స్వరము సరిగా ఇమిడినచో అది గదిలో నిలిచి మ్రోగును. మన వేసవిలో ధ్వనివేగము సెకనునకు సుమారు 349 మీటర్లు. పన్నెండడుగుల దిశలో 48 కంపముల స్వరమును, పదియడుగుల దిశలో 57 కంపముల స్వరమును నిలుచును. మన గదిలో వెడల్పు, ఎత్తు రెండును పదియడుగులే గనుక 57 కంపముల స్వరము రెండింతలుగా మూల్గును. నాలుగుపలకల గది కంటికి ముద్దు గాని చెవికి చేటు. మరియు వెనుకగోడకు ఒక మీటరు దూరమున కూర్చున్నవానికి 87 కంపముల చేరువను గుంట పడును. సూటిధ్వనియు గోడనుండి మరలిన ధ్వనియు ఒకదానినొకటి అచ్చట చంపుకొనును.

ఇప్పుడు ఈక్వలైజరు ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో తేటపడును. మిక్కిలిగా మూల్గుచున్న మంద్రస్వరమును అది చక్కగా తగ్గింపగలదు. ఆ పనిలో దానికి సాటి లేదు. గుంటను మాత్రము పూడ్చలేదు. గుంటలో పది డెసిబెల్లు పోయవలెనన్న యంత్రము పదిరెట్ల శక్తి ఖర్చుచేయవలెను. ఇరువది వాట్లకు బదులు రెండువందల వాట్లు. అంత పోసినను సూటిధ్వనితోపాటు మరలిన ధ్వనియు అంతే పెరిగి, మునుపటివలెనే చంపుకొనును. కుర్చీని ఒక మూరెడు ముందుకు జరిపినచో ఆ గుంట తనంతట కదలిపోవును. అట్లే మూడు సెకనుల మ్రోతను ఏ మీటయు అర సెకను చేయలేదు, బొంత చేయును. మరల, యంత్రపు రేఖలో కానవచ్చు ప్రతి మిట్టపల్లమును దిద్దబూనుటయు తగదు. హాస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1949లో చూపినట్లు, సూటిధ్వని వెనువెంటనే, సెకనులో ముప్పదవవంతు లోపల వచ్చిన మరలుధ్వనిని చెవి వేరుగా వినదు, తొలిధ్వనితో కలిపికొనును. చెవి క్షమించినదానిని యంత్రము శిక్షించినచో పాట పేలవమగును. కావున గదిని ముందు దిద్దవలెను. పిమ్మట కుర్చీని, స్పీకరును జరుపవలెను. మిగిలిన మంద్రదోషమునకు మాత్రమే ఈక్వలైజరును పిలువవలెను. చిన్నగదిలో సుమారు మూడువందల కంపములకు పైన దానికి పని తక్కువ.

రేపల్లెలో నేనెరిగిన ఒక గృహస్థు తన తండ్రి పాడిన పద్యముల టేపును ప్రియముగా దాచుకొని, కొత్త స్టీరియోలో వేయగా "నాన్నగారి మాట తెలియుటలేదు, మ్రోతయే వినబడుచున్నది" అని దుఃఖించిరి. ఆయన మీటలన్నియు పైకి నెట్టియుంచిరి. మీటలను నడుమకు తెచ్చి, స్పీకరులను మూలలనుండి ఇవతలికి జరిపి, ఎదురుగోడకు రెండు బొంతలు వ్రేలాడదీసి, కిటికీలు తెరచితిమి. ఆ యింటి ముసలమ్మగారు వంటయింటిలోనుండి వచ్చి గుమ్మమువద్ద నిలిచి పద్యము ముగియువరకు కదలలేదు. ఖర్చు రెండు మేకులు.

ఈ చిన్న సంగతి చెప్పుటకు కారణము కలదు. మన రంగస్థలమునుండి వెలువడిన పద్యములనేకము 78 చుట్ల రికార్డులుగా ఈ మూడు పట్టణములలోని పాతపెట్టెలలో నిద్రించుచున్నవి. ఒక్కొక్కవైపున సుమారు మూడు నిమిషములు మాత్రమే పట్టును. అవి లక్క పలకలు, చేయిజారినచో పగులును. వానిని నేటి యంత్రములలోనికి ఎక్కించువారు రెండు తప్పులు చేయుట కలదు. ఒకటి, 1954నాటి ప్రమాణరేఖతోనే పూర్వపు రికార్డును వినిపించుట. ఆ రేఖ ఆ రికార్డుది కాదు గనుక మంద్రము ఉబ్బి, తారము కుంగి, తీయని గొంతు బొంగురుపోవును. రెండవది, సుయ్యిమను చప్పుడు పోవుటకై తారస్వరములను కోసివేయుట. దానితో హల్లులును పోవును. ఇట్లు పాడైన ప్రతిని విని, "ఆనాటివారు ఇంతేనా పాడినది?" అని నేటి బాలుడు పెదవి విరుచును. పాడినవారు మరల వచ్చి తమ పక్షమున వాదింపజాలరు. ఇది నాకు సామాన్యమైన అన్యాయముగ తోచదు.

కావున ఇట్టి రికార్డు ఎవరియింటనున్నను నా మనవి యొకటి. ముందుగా తగిన లావు సూదితో, ఏ దిద్దుబాటును చేయక, ఉన్నది ఉన్నట్లు ఒక ప్రతి తీసి భద్రపరుపుడు. దిద్దుబాట్లన్నియు రెండవ ప్రతిమీద చేయుడు. ఆ రికార్డు ఏ కంపెనీది, ఏ కాలమునాటిదో విచారించి, దానికి తగిన రేఖను వాడుడు. ఏమి దిద్దితిరో వ్రాసి యుంచుడు. రేపటివాడు మనకంటె తెలిసినవాడు కావచ్చును. వానికి మూలము మిగులవలెను.

టెలిఫోను తీగనుండి పుట్టిన ఈ విద్య మనకు నేర్పినది, దారిలో పోయినదానిని తిరిగి ఇమ్మని. లేనిదానిని కల్పింపుమని కాదు. పందిరి చివర కూర్చున్నవానికి మాట అందవలెనని ఆనాటి నటకుడు తన గొంతును దిద్దుకొనెను. నేడు పందిరి చివర కూర్చున్నది మనమే. నూరేండ్ల దూరమున కూర్చున్నాము. ఆ గొంతు మనవరకు రావలెనన్న దిద్దుకొనవలసిన వంతు ఇప్పుడు మనది. ఈ రాత్రి రేడియో కట్టిన పిమ్మట మీ గదిలో నడుమ నిలిచి ఒక్కసారి చప్పట్లు కొట్టి వినుడు. గోడలు ఎంతసేపు బదులుపలుకునో గమనింపుడు. పని ఎచ్చట మొదలిడవలెనో ఆ బదులే చెప్పును.